వరద గట్టున విశ్వాసి: సబ్ర్ అంటే ఏమిటి?

మొదటి ఖుత్బా

ఆకాశం నుండి వాన కురిపించేవాడు, ఆ వానను ఒకసారి పంటగాను, మరొకసారి పరీక్షగాను మలిచేవాడు అయిన అల్లాహ్‌ను మనం స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మన ఆత్మల కీడు నుండి, మన కర్మల చెడుగు నుండి ఆయన శరణు వేడుకుంటున్నాము. కష్టాలలో నిలకడను, సుఖాలలో వినయాన్ని తన జీవితం ద్వారా నేర్పిన మహనీయ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శుభాలు కురియుగాక!

అమ్మా బఅద్. అభిమాన సోదరులారా, తెర వెనుక కూర్చుని వింటున్న తల్లులారా, సోదరీమణులారా!

గోదావరి తీరాన పుట్టిపెరిగిన మనకు మూడు అంకెలు చిన్ననాటి నుండే కంఠస్థం. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. ఆషాఢ శ్రావణాలలో మన ఇళ్లలో మగవారు ఫజ్ర్ నమాజు ముగించి బయటికి రాగానే ఒకరినొకరు అడిగే మొదటి మాట, “ఎన్ని అడుగులుందట?” అన్నదే. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులు చూసింది. మన పెద్దలు ఇప్పటికీ కాలాన్ని ఆ వరదకు ముందు, ఆ వరద తరువాత అని లెక్కిస్తారు. 2022 జూలై 16న మళ్లీ 71.3 అడుగులకు చేరింది. భద్రాచలం వంతెనపై రాకపోకలు ఆగిపోయాయి. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెలు నీటిలో నిలిచాయి. రెండేళ్లు గడిచాయో లేదో, 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులకు పొంగి బొక్కలగడ్డ, మోతీనగర్ ప్రాంతాల ఇళ్లలో బురద మిగిల్చి వెళ్లింది.

నీరు ఒక్కటే కాదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన మిరప చేలపై పడి, పూతను పూతగానే రాల్చివేసింది. విత్తనానికి, మందులకు, కౌలుకు తెచ్చిన అప్పు మాత్రం రాలిపోలేదు. సంతలకు తిరిగి గాజులు, బట్టలు అమ్ముకునేవారు, దూది ఏకి పరుపులు కుట్టేవారు, అడవి అంచు పల్లెల్లో మోటారు సైకిళ్లు బాగుచేసుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే వీరి పొయ్యి కూడా వెలగదు.

ఇటువంటి వేళ మనం ఒకరితో ఒకరం చెప్పుకునే మాట ఒక్కటే: “సబ్ర్ చేయండి.” ఈ మాట నిజమైనది, ఎంతో విలువైనది. కాని, సోదరులారా, మనం దానిని చాలా చౌకగా వాడుతున్నామేమో అన్న సందేహం మాకు కలిగింది. 2022 వరదలలో మేము కొందరం అన్నం పొట్లాలు తీసుకొని ఒక పునరావాస శిబిరానికి వెళ్లాము. అక్కడ ఒక వృద్ధురాలు గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆమెకు పొట్లం అందించి, అలవాటు ప్రకారం, “సబ్ర్ చేయండమ్మా, అల్లాహ్ ఉన్నాడు” అన్నాము. ఆమె తల ఎత్తి, “సబ్ర్ చేస్తూనే ఉన్నాను మౌలానాసాబ్. అది నా పని. కాని నా మనవడి సర్టిఫికెట్లు నానిపోయాయి. కాలేజీలో చేరాలి. అవి మళ్లీ ఎవరు ఇప్పిస్తారు? అది ఎవరి పని?” అని అడిగారు.

ఆ ప్రశ్నకు మా దగ్గర ఆ రోజు జవాబు లేదు. మేము దిక్కులు చూశాము. నేటి ఖుత్బా ఆ తల్లికి మనం బాకీపడిన జవాబు.

సోదరులారా! కష్టంలో మనస్సు చెదరకుండా నిలుపుకోవడం ఎలా అన్న విచారణ మనతోనే మొదలుకాలేదు. క్రీస్తుకు పూర్వం సుమారు 300 సంవత్సరాల నాడు, గ్రీకు నగరమైన ఏథెన్సులో ఒక వసారాలో కూర్చుని కొందరు తత్త్వవేత్తలు దీనినే బోధించారు. గ్రీకు భాషలో ఆ వసారా పేరు మీదనే వారికి స్టోయిక్కులు అని పేరు వచ్చింది. వారిలో ఒకడు ఎపిక్టెటస్. అతడు బానిసగా బ్రతికినవాడు, కాలు కుంటివాడు. అతని బోధ సారాంశం ఇది: లోకంలో కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని మన చేతిలో లేనివి. మన తలపు, మన ప్రయత్నం, మన నడత మన చేతిలో ఉన్నాయి. సంపద, ఆరోగ్యం, ఇతరుల మాట మన చేతిలో లేవు. చేతిలో లేనిదాని కోసం గుండె బాదుకునేవాడు జీవితమంతా బానిసే.

మంచి మాట ఎక్కడ దొరికినా తీసుకోవడం ముస్లింల సంప్రదాయం. కూఫాలో పెరిగి బగ్దాదులో జీవించిన, హిజ్రీ మూడవ శతాబ్దపు తత్త్వవేత్త అల్ కిందీ దుఃఖాన్ని తొలగించుకునే ఉపాయాన్ని గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. ప్రియమైనది పోవడం, కోరినది దొరకకపోవడం, ఈ రెండింటి నుండే దుఃఖం పుడుతుందని ఆయన అన్నారు. ఆ గ్రంథంలో ఆయన చెప్పిన ఒక ఉపమానాన్ని మన నేలకు తెచ్చుకొని చూద్దాము.

పోచవరం రేవులో పాపికొండలకు పోయే లాంచీ ఎక్కామనుకోండి. దారిలో ఒక తీరాన లాంచీ ఆగుతుంది. ప్రయాణికులు దిగుతారు. కొందరు పని చూసుకొని వెంటనే తిరిగి వచ్చి, విశాలమైన చోట కూర్చుంటారు. కొందరు పూలు, పండ్లు, రంగురాళ్లు ఏరుకొని ఒడి నింపుకొని వస్తారు. వారికి ఇరుకు చోటు మిగులుతుంది. ఒడిలోని పూలు వాడిపోతాయి, పండ్లు కుళ్లిపోతాయి, రాళ్ల బరువుకు నడుము వంగిపోతుంది. మరికొందరు అడవిలోపలికి వెళ్లిపోతారు. లాంచీ కూత వేస్తుంది. వారికి వినబడదు. ఈ లోకం ఆ తీరం. మన ఇల్లు, చేను, దుకాణం, చివరికి ఈ శరీరం కూడా ఆ తీరాన దొరికినవే. వాటిని వాడుకోవడం తప్పు కాదు. అవి మనవే, మనతోనే వస్తాయి అనుకోవడమే పొరపాటు. ఆపద వచ్చినపుడు మనం పలికే ఇస్తిర్జా పదాల భావం కూడా ఇదే. మనం అల్లాహ్‌కు చెందినవారం, ఆయన వద్దకే మరలిపోతాము. మనమే మనవారం కానప్పుడు మన సామాను మనది ఎలా అవుతుంది?

ఇంతవరకు ఆ తత్త్వవేత్తల దారి, మన దారి పక్కపక్కనే నడుస్తాయి. అయితే రెండు చోట్ల మనం జాగ్రత్తపడాలి. స్థితప్రజ్ఞత అనగానే కొందరు గుండెను రాయి చేసుకోవడమని, మరికొందరు చేతులు కట్టుకొని కూర్చోవడమని అర్థం చేసుకుంటారు. ప్రవక్తల జీవితాలు ఈ రెండు అర్థాలనూ ఖండిస్తున్నాయి.

మొదటి సంగతి కన్నీరు. దైవప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం తండ్రి చేతులలోనే తుదిశ్వాస విడుస్తున్నపుడు ఆయన కళ్లు చెమర్చాయి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, తమరు కూడానా అని అడిగారు. అది కారుణ్యమని ఆయన సమాధానమిచ్చారు. కన్ను తడుస్తుంది, హృదయం బాధపడుతుంది, కాని ప్రభువుకు ఇష్టంలేని మాట నోట రాదు అన్నది ఆయన నేర్పిన హద్దు. హజ్రత్ యాఖూబ్ (అలై) తన బిడ్డ యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కంటిచూపు పోగొట్టుకున్నారు. అయినా ఆయన సహనం సుందర సహనంగానే మిగిలింది. ఎందుకంటే ఆయన తన వ్యథను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. హజ్రత్ అయ్యూబ్ (అలై) తనకు కలిగిన బాధను ప్రభువు ముందు చెప్పుకున్నారు. అల్లాహ్ ఆయనను ఫిర్యాదు చేసినవాడని అనలేదు, సహనశీలి అని ప్రశంసించాడు. కనుక ఇల్లు మునిగిన తల్లి ఏడిస్తే, “ఏడవకూడదు, సబ్ర్ లేదా?” అని గద్దించే హక్కు మనకు లేదు.

ఒకసారి ప్రవక్త (స) దారిన వెళుతూ సమాధి వద్ద విలపిస్తున్న ఒక స్త్రీని చూశారు. అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని, సహనం వహించమని హితవు చెప్పారు. ఆయన ఎవరో గుర్తించని ఆ స్త్రీ, నా మీద పడిన ఆపద నీ మీద పడలేదు, నన్ను వదిలిపెట్టు అన్నది. ఆయన ఆమెతో వాదించలేదు. తరువాత సంగతి తెలిసి ఆమె స్వయంగా ఆయన ఇంటికి వచ్చింది. గుమ్మం వద్ద కావలివారు ఎవరూ లేరు. అప్పుడు ఆయన, సహనమంటే మొదటి దెబ్బ తగిలిన వేళ చూపేదే అని బోధించారు. ఈ ఉదంతంలో సహనం గురించిన పాఠం ఆమెకు ఉంది. సహనం బోధించేవారికి కూడా ఒక పాఠం ఉంది: మాట తిరస్కరించబడినా నొచ్చుకోకూడదు, మన గుమ్మం మూసి ఉంచకూడదు.

రెండవ సంగతి ప్రయత్నం. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వదిలి భారం వేయాలా అని అడిగిన వ్యక్తితో, కట్టివేసి ఆ తరువాత భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన మాట మనందరికీ తెలిసినదే. హజ్రత్ యాఖూబ్ (అలై) కన్నీరు కారుస్తూనే, వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కుమారులను పంపారు. వ్యాధిగ్రస్తులైన అయ్యూబ్ (అలై)ను సయితం కాలితో నేలను తన్నమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. నీరు ఇచ్చింది అల్లాహ్. కాలు కదిపింది రోగి.

హిజ్రీ 18వ సంవత్సరంలో సిరియా ప్రాంతంలో అమవాస్ అనే మహమ్మారి వ్యాపించింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆ దేశానికి బయలుదేరి, దారిలో సర్గ్ వద్ద ఈ వార్త విని, సంప్రదింపులు జరిపి, వెనుదిరగాలని నిర్ణయించారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇది అల్లాహ్ విధి నుండి పారిపోవడం కాదా అని ప్రశ్నించారు. అవును, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో ఒక పక్క పచ్చిక, మరొక పక్క బంజరు ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని వివరించారు.

ఈ మాటను మన కరకట్ట మీద నిలబడి ఆలోచించండి. రెండవ హెచ్చరిక జారీ కాగానే ఇల్లు వదిలి శిబిరానికి పోవడం ఈమాన్ లోపం కాదు. “మా తాతల నాటి ఇల్లు, అల్లాహ్ చూసుకుంటాడు” అని పిల్లలతో సహా ఇంట్లోనే కూర్చోవడం తవక్కుల్ కాదు. నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకోవడం, జాబితాలో పేరు లేకపోతే అధికారి వద్దకు వెళ్లి మర్యాదగా, పట్టు వదలకుండా అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు. హక్కును అడగకుండా మౌనంగా ఉండటాన్ని సహనమని ఏ ప్రవక్తా బోధించలేదు.

మున్నేరు పొంగిన ఆ రోజున ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. చుట్టూ ఉరకలు వేస్తున్న నీరు. ఒక జేసీబీ డ్రైవరు తన యంత్రాన్ని ఆ నీటిలోకి నడిపి, ఆ తొమ్మిదిమందినీ ఒడ్డుకు చేర్చాడు. పోతే తనది ఒక్క ప్రాణం, వస్తే తొమ్మిది ప్రాణాలు అన్న లెక్కతో అతడు బయలుదేరాడని ఊరంతా చెప్పుకున్నది. ఆ మనిషి ఆ క్షణంలో వరదను తిట్టలేదు, విధిని నిందించలేదు, చేతులు కట్టుకొని చూస్తూ కూర్చోనూ లేదు. తన చేతిలో ఏమున్నదో చూసుకున్నాడు. స్టీరింగు ఉన్నది. అది పట్టుకున్నాడు. మిగిలినది అల్లాహ్‌కు వదిలాడు. సబ్ర్, తవక్కుల్ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఇలా ఉంటుంది.

సోదరులారా! ఇబ్నుల్ ఖయ్యిం (రహ్మ) వంటి పండితులు సబ్ర్‌ను మూడు విధాలుగా వివరించారు. విధేయతలో నిలకడ, పాపానికి దూరంగా నిలకడ, విధి తెచ్చిన ఆపదలో నిలకడ. మనం మూడవదానినే సబ్ర్ అనుకుంటాము. వరద వేళ మొదటి రెండూ ఎలా ఉంటాయో చూడండి. శిబిరంలో నీళ్లు లేవు, చోటు లేదు, అయినా తయమ్ముమ్ చేసుకొని వేళకు నమాజు నిలబెట్టడం మొదటి సబ్ర్. కొవ్వొత్తులు, పాలపొడి, తాగునీటి సీసాలు దొరకని రోజున దుకాణదారు ధర పెంచకుండా చేయి బిగబట్టుకోవడం రెండవ సబ్ర్. పోని మేకను పోయిందని జాబితాలో రాయించకపోవడం, రెండు కుటుంబాల దుప్పట్లు ఒక్కరే పట్టుకుపోకపోవడం కూడా ఆ రెండవ సబ్రే. ఇల్లు పోయినవాడు మూడవ సబ్ర్ చూపుతున్నపుడు, ఇల్లు పోనివాడు రెండవ సబ్ర్ చూపకపోతే, అల్లాహ్ ముందు ఎవరు పరీక్ష తప్పినట్లు?

ఈ మాటలు చెప్పి, మాకొరకు, మీకొరకు అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. ఆయన మన్నించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన ప్రవక్తపై దరూద్, సలాం.

ప్రియ సోదరులారా! ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. సబ్ర్ చేయడం బాధితుని పని. మరి మన పని ఏది?

దివ్య ఖుర్ఆన్ జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. అందులో ఒకటి అప్పులలో కూరుకుపోయినవారిది. మనం రమజానులో జకాత్ లెక్కించేటపుడు పేదలను తలచుకుంటాము, మద్రసాలను తలచుకుంటాము. మన వీధిలోనే మిరప పోయి, కిస్తులు కట్టలేక, తలుపు తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడే మనిషిని తలచుకోము. అతడు అడగడు. మంచి బట్టలు వేసుకొనే జుమాకు వస్తాడు. మన పక్క సఫ్‌లోనే నిలబడతాడు. అతనిని గుర్తించడం జమాత్ బాధ్యత. ఉలమాను సంప్రదించి, అతని మర్యాద పోకుండా, మూడో కంటికి తెలియకుండా ఆ అప్పు తీర్చే ఏర్పాటు చేయాలి. మనకే ఎవరైనా బాకీ ఉండి, తీర్చే స్థితిలో లేకపోతే, వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, వదిలివేస్తే ఇంకా మేలని ఖుర్ఆన్ బోధిస్తున్నది. మన చేబదుళ్ల పుస్తకాన్ని ఈ రాత్రి ఒకసారి తెరిచి చూసుకుందాము.

ఇక అప్పుల భారంతో, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంతో బ్రతుకు మీదే విరక్తి కలిగినవారు మనలో ఉంటే, వారితో ఒక మాట. సోదరా, సోదరీ! ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దానిని తీసుకునే అధికారం మనకు లేదు. అయితే నీకు ఆ ఆలోచన వచ్చినంతమాత్రాన నీ ఈమాన్ పోయిందని అనుకోవద్దు. ప్రవక్త (స) జీవితంలోనే ఒక సంవత్సరానికి దుఃఖ సంవత్సరమని పేరు వచ్చింది. హజ్రత్ ఖదీజా (రజి), పెదతండ్రి అబూ తాలిబ్ ఒకే ఏడాది దూరమయ్యారు. ఆ తరువాత తాయిఫ్‌లో రాళ్లు పడ్డాయి. ఆయన ఆ బరువును అల్లాహ్ ముందు దించుకున్నారు. నీవూ దించుకో. ఆపై ఒక మనిషితో కూడా చెప్పు. భార్యతో, అన్నతో, ఈ మస్జిదు ఇమాముతో చెప్పు. మనవారితో చెప్పడానికి సిగ్గుగా ఉంటే 14416 నంబరుకు ఫోను చెయ్యి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ కేంద్రం, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. జ్వరానికి మందు తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కానట్లే మనోవ్యాధికి వైద్యం పొందడమూ విరుద్ధం కాదు.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ల సంగతి. వచ్చే వానాకాలానికి ముందే మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి ఇంటిలో పట్టా కాగితాలు, ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎత్తైన చోట పెట్టుకోవాలి. వాటి ఫోటోలు ఎగువ ప్రాంతంలో ఉన్న బంధువు ఫోనులో కూడా ఉంచాలి. వీధిలో ఒంటరి వృద్ధులు, నిండు గర్భిణులు, రోజూ మందులు వేసుకోవలసినవారు ఎవరెవరో మస్జిదు కమిటీ ముందే రాసి పెట్టుకోవాలి. మొదటి హెచ్చరిక రాగానే ఎవరిని ఎవరు తీసుకురావాలో అప్పుడే నిర్ణయించుకోవాలి. మస్జిదు ఎగువన ఉంటే దాని తలుపులు ఆ రోజు ఊరందరికీ తెరవాలి. వరద కలిమా చదివినవారి ఇల్లు, చదవనివారి ఇల్లు అని చూసి రాదు. మన సహాయం కూడా అలా చూడకూడదు. చదువుకున్న మన యువకులు ఇద్దరు ముగ్గురు, పోయిన కాగితాలకు నకళ్లు తెప్పించుకునే దరఖాస్తులు రాసిపెట్టే పనికి పూనుకోవాలి. అది కూడా ఇబాదతే.

ఈ పనులు జరిగిననాడు మనం ఆ తల్లి వద్దకు తిరిగి వెళ్లి, తలదించుకోకుండా చెప్పగలము: “అమ్మా, సబ్ర్ మీ పని. మిగతాది మా పని.” ఈ రెండవ మాట లేకుండా మొదటి మాట చెప్పడానికి ఇకమీదట మన నాలుక సిగ్గుపడాలి.

రండి, చేతులెత్తి ప్రార్థిద్దాము.

ఓ అల్లాహ్! మా చేతిలో ఉన్న పనిని చేసే శక్తిని, మా చేతిలో లేనిదానిని నీకు అప్పగించే నెమ్మదిని మాకు ప్రసాదించు. మొదటి దెబ్బ తగిలిన వేళ మా నాలుకను కాపాడు. మా కన్నీటిని నీ కారుణ్యపు గుర్తుగా స్వీకరించు.

ఓ అల్లాహ్! మా గోదావరిని, మున్నేరును, కిన్నెరసానిని మా చేలకు శుభంగా పారించు, మా ఇళ్లకు శిక్షగా పారించకు. వరదలలో అసువులు బాసిన విశ్వాసులను మన్నించు. వారి అనాథలకు మమ్మల్ని నీడగా చెయ్యి. ఆపదలో ఉన్న ప్రతి మనిషినీ, అతడు ఏ మతం వాడైనా, ఒడ్డుకు చేర్చు.

ఓ అల్లాహ్! అప్పులపాలైనవారి భారం దించు. ఇతరుల కష్టాన్ని కేవలం మాటలతో ఓదార్చి వెళ్లిపోయిన మా తప్పును మన్నించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్. నమాజుకు నిలబడండి, సఫ్‌లు సరిచేసుకోండి. పక్కవాని భుజానికి భుజం తాకించి నిలబడండి. ఆ భుజం మీద ఎంత బరువు ఉన్నదో నమాజు తరువాత ఒకసారి అడగండి.